వేవ్, ఎంపీ3, ఫ్లాక్, ఎం4ఏ, ఓపస్: ఇంటి కంప్యూటర్‌లో ఏది ఉంచాలి, ఏది ముట్టుకోకూడదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: తాతగారి హరికథల క్యాసెట్లు ముప్పై ఉన్నాయి. కొన్ని ఆడియో సీడీలు, ఒక్కోదాంట్లో వంద పాటలుండే ఎంపీ3 సీడీలు, అమ్మమ్మ వాట్సాప్ వాయిస్ మెసేజీలు, పాత ఫోనులోని ఏఎంఆర్ రికార్డింగులు కూడా ఉన్నాయి. వీటన్నిటినీ ఫ్లాక్‌లోకి (శబ్దంలో ఏమీ పోకుండా కుదించే ఫార్మాట్‌లోకి) మార్చేస్తే క్వాలిటీ పెరుగుతుందా? కారులో కొన్ని ఫైళ్లు ఎందుకు పాడటం లేదు?

ముందు సూటిగా జవాబు. పెరగదు. అన్నిటినీ ఒకే ఫార్మాట్‌లోకి తేవాలన్న ఆలోచన మానేయండి. క్యాసెట్లనూ ఆడియో సీడీలనూ ఫ్లాక్‌గా తీయండి. ఇప్పటికే ఎంపీ3గానో ఓపస్‌గానో (వాట్సాప్ వాయిస్ మెసేజీలు ఇందులోనే ఉంటాయి) ఏఎంఆర్‌గానో ఉన్నవాటిని ఉన్నవి ఉన్నట్టే దాచండి. ఎంపీ3ని ఫ్లాక్ చేయడమంటే జెరాక్స్ కాపీకి లామినేషన్ చేయించడమే. కాగితం గట్టిపడుతుంది, ఫైలు మూడు నాలుగు రెట్లవుతుంది, అచ్చు మాత్రం జెరాక్స్ అచ్చే. ఫ్లాక్‌ని ఎంపీ3 చేసి, దాన్ని మళ్లీ ఎం4ఏ చేయడం జెరాక్స్ మీద జెరాక్స్ తీయడం. ప్రతిసారీ కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు.

మీ ఫోల్డర్‌లో సగం గందరగోళానికి కారణం ఫైలు పేరు చివరనున్న తోకే అనిపిస్తోంది. విండోస్ మామూలుగా ఆ తోకను దాచేస్తుంది. విండోస్ 11 ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసుకోండి. తోక చూపేది డబ్బా పేరే, లోపలి సరుకు వేరే కావచ్చు. ఎం4ఏ దీనికి మంచి ఉదాహరణ. అందులో ఏఏసీ ఉండొచ్చు, అది నష్టంతో కుదించింది. యాపిల్ వారి ఆలాక్ కూడా ఉండొచ్చు, అది నష్టం లేనిది. పేరు చూస్తే రెండూ ఒకటే. ఓజీజీ డబ్బాలోనూ అంతే, వోర్బిస్ ఉండొచ్చు, ఓపస్ ఉండొచ్చు. లోపల ఏముందో తెలియాలంటే వీఎల్‌సీలో ఫైలు పాడిస్తూ టూల్స్ కింద కోడెక్ ఇన్ఫర్మేషన్ తెరవండి, లేదా మీడియాఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రాం పెట్టుకోండి. కోడెక్ (శబ్దాన్ని కుదించి విప్పే పద్ధతి), శాంప్లింగ్ రేటు (సెకనుకు ఎన్ని కొలతలు), బిట్‌రేటు (సెకనుకు ఎన్ని బిట్లు) మూడూ కనిపిస్తాయి.

ఎవరో రీనేమ్ కొట్టి ఎం4ఏని ఎంపీ3గా "మార్చిన" ఫైళ్లు ఇళ్లలో బోలెడు దొరుకుతాయి. కంప్యూటర్‌లోని ప్లేయర్ లోపలికి తొంగి చూసి సర్దుకుపోతుంది. కారు స్టీరియో పేరునే నమ్మి, విప్పబోయి చతికిలపడుతుంది. మీ కారులో పాడని ఫైళ్లలో కొన్ని ఇవే అయ్యుండొచ్చు.

ఇక లెక్క. ఒక్కసారి పట్టుబడితే ఏ ఫైలు చూసినా దాని సంగతి ఇట్టే తెలుస్తుంది. ఆడియో సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ప్రతి కొలతా 16 బిట్లు, ఎడమ, కుడి రెండు చానెళ్లు. మూడూ గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు, అంటే 1,411 కేబీపీఎస్. 8తో భాగిస్తే బైట్లు. నిమిషానికి పదిన్నర ఎంబీ, అయిదు నిమిషాల పాటకు దాదాపు 53 ఎంబీ. అదే పాట 128 కేబీపీఎస్ ఎంపీ3లో 4.8 ఎంబీ, 320లో 12 ఎంబీ. ఫ్లాక్‌కు స్థిరమైన లెక్క లేదు. పాటను బట్టి అసలులో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా ఉంటుంది. అయిదు నిమిషాల "ఫ్లాక్" ఆరు ఎంబీయే ఉందంటే అనుమానించండి, అది స్టీరియో సంగీతం కాకపోవచ్చు.

44,100 సంఖ్య వెనుక కారణం ఉంది. కొలతల సంఖ్యలో సగం వరకున్న స్థాయిలనే (స్థాయి అంటే ఇక్కడ ఫ్రీక్వెన్సీ, శబ్దం ఎంత కీచుగా ఉందన్నది) డిజిటల్ పట్టగలదు. సగమంటే 22,050 హెర్ట్జ్. మనిషి చెవి పైహద్దు 20 వేల దగ్గర, అదీ చిన్నపిల్లలకు. 16 బిట్లు ఇచ్చే గట్టి, మెల్లి తేడా దాదాపు 96 డెసిబెల్స్. క్యాసెట్ ఆ దరిదాపులకు కూడా రాదు. కాబట్టి మీ క్యాసెట్లను 96 కిలోహెర్ట్జ్‌లోనో 192లోనో తీయమని ఎవరైనా చెబితే పట్టించుకోకండి. టేపు బుసనే మరింత శ్రద్ధగా దాచినట్టవుతుంది.

నష్టం లేని వాటిలో మీకు ఎదురయ్యేవి నాలుగు. వేవ్‌ను మైక్రోసాఫ్ట్, ఐబీఎం 1991లో తెచ్చాయి. కొలతలన్నీ కుదించకుండా వరుసగా రాసిన ఫైలది. అన్నీ చదువుతాయి, కానీ రెండు ఇబ్బందులున్నాయి. సైజు రాసే గడి 32 బిట్లదే కనుక 4 జీబీ దాటితే చాలా ప్రోగ్రాములు తికమకపడతాయి. పాట పేరు, గాయకుడి పేరు వంటి ట్యాగులు అందులో సరిగా నిలవవు, ఒక ప్రోగ్రాం రాసింది మరోదానికి కనిపించదు. ఏఐఎఫ్ఎఫ్ యాపిల్ వైపు దాని జోడీ. ఫ్లాక్ 2001లో స్థిరపడింది, ఉచితం, ఎవరి పేటెంటూ లేదు. పట్టుచీర మడతపెట్టి బీరువాలో పెట్టినట్టు, విప్పితే ఒక్క పోగు తేడా ఉండదు. ఇందులో 0 నుంచి 8 దాకా స్థాయిలుంటాయి. 8 పెడితే క్వాలిటీ ఎక్కువనుకుంటారు, కాదు. మడత బిగువు మాత్రమే మారుతుంది, విప్పితే వచ్చేది ఒకటే. 5 చాలు. నాకు ఫ్లాక్ మీద మొగ్గు ఇంకో కారణానికి: అసలు శబ్దం తాలూకు ఎండీ5 అనే, వేలిముద్ర లాంటి సంఖ్యను ఫైలు తనలోనే దాచుకుంటుంది. పదేళ్ల తరువాత హార్డ్‌డిస్క్ పాడై ఒక్క బిట్ తారుమారైనా పరీక్ష పెడితే బయటపడుతుంది. ఫూబార్2000 అనే ఉచిత ప్లేయర్‌కు జతచేసుకునే ఫైల్ ఇంటెగ్రిటీ వెరిఫయర్ ఆ పనే చేస్తుంది. మామూలు వేవ్‌కు ఈ సౌకర్యం లేదు. ఆలాక్ కూడా నష్టం లేనిదే. ఇంట్లో అందరివీ ఐఫోన్లయితే ఆలాక్ వాడినా తప్పులేదు, రెండింటి మధ్య ఎటు మార్చుకున్నా ఏమీ పోదు.

నష్టంతో కుదించేవి మరో కుటుంబం. చెవికి ఒక గుణముంది. గట్టి శబ్దం పక్కనే, దాని స్థాయికి దగ్గరలో ఉన్న మెల్లి శబ్దం వినపడదు. డోలు మోగుతుండగా పక్కన ఎవరో బల్ల మీద మెల్లగా తట్టిన చప్పుడు వినపడనట్టే. ఆ వినపడని వాటిని పారేసో, ముతకగా రాసో ఎంపీ3 జాగా మిగుల్చుతుంది. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పరిశోధనలోంచి వచ్చిన ఈ ఫైళ్లకు ఆ తోక పేరు 1995లో ఖాయమైంది. లైసెన్సు వసూళ్లు 2017లో ఆగిపోయాయి. పాతదే, కానీ పెన్‌డ్రైవ్ పెట్టే దాదాపు ప్రతి యంత్రమూ దాన్ని పాడుతుంది. ఇప్పటికీ ఎంపీ3 బతకడానికి నాకు తెలిసిన గట్టి కారణం ఇదొక్కటే. ఏఏసీ దాని తరువాతి తరం, అదే సైజులో కాస్త మెరుగు. 2012లో వచ్చిన ఓపస్ తక్కువ బిట్‌రేట్లలో మిగతావాటికి అందనంత బాగుంటుంది, ముఖ్యంగా మాటకు. డబ్ల్యూఎంఏ మైక్రోసాఫ్ట్‌ది. పాత విండోస్ మీడియా ప్లేయర్‌తో సీడీలు కాపీ చేసినవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది. వాటిలో తాళం వేసినవి ఉంటే అవి మరో కంప్యూటర్‌లో తెరుచుకోవు, కాబట్టి సీడీ ఇంకా ఉంటే మళ్లీ తీసుకోవడమే మేలు.

ఎంపీ3 మీరే తయారు చేసేటప్పుడు 320 మీద మోజు అక్కర్లేదు. లేమ్ ఎన్‌కోడర్‌లో (ఎంపీ3 తయారుచేసే ప్రోగ్రాంలో) వీ2 అనే సెట్టింగు ఉంది, అందులో బిట్‌రేటు అవసరాన్ని బట్టి మారుతుంది. సగటున 190 కేబీపీఎస్ దగ్గర వస్తుంది, పాటలో కష్టమైన చోట ఎక్కువ, మౌనంలో తక్కువ ఖర్చు పెడుతుంది. వీ0 అయితే సగటు 245. నమ్మకం లేకపోతే ఫూబార్2000కు ఏబీఎక్స్ కంపారేటర్ జతచేసుకుని, ఏది ఏదో తెలియకుండా మీ చెవిని మీరే పరీక్షించుకోండి. చాలామంది అక్కడే నిశ్శబ్దమైపోతారు.

"320 కేబీపీఎస్" అని నెట్‌లో దొరికే పాత పాటల గురించి. 128 ఫైలును 320గా తిరగరాసి పెట్టినవి వాటిలో చాలా ఉంటాయి. స్పెక్ అనే ప్రోగ్రాంలోకి ఫైలును లాగి వదిలితే రంగుల పటం వస్తుంది. 128 ఎంపీ3లో 16, 17 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు పైన నల్లగా ఉంటుంది, నిజమైన 320లో రంగు 20 దాకా పోతుంది. అయితే తొందరపడి తీర్పు చెప్పకండి. 1950ల సినిమా పాటల్లో పది, పన్నెండు కిలోహెర్ట్జ్ పైన అసలే ఏమీ ఉండదు, అప్పటి రికార్డుల్లోనూ ఫిల్ముమీది సౌండ్ ట్రాకులోనూ ఆ పైస్థాయిలు నిలిచేవి కావు. సీడీ నుంచి తీసిన ఫ్లాక్ కూడా అలాగే కనిపిస్తుంది. తేడా ఏమిటంటే, సహజంగా లేనిచోట రంగు మెల్లగా సన్నగిల్లుతుంది, ఎన్‌కోడర్ కోసినచోట గీత గీసినట్టు ఆగుతుంది. యూట్యూబ్ నుంచి "320"లో దించి ఇస్తామనే సైట్ల సంగతి వేరే చెప్పాలా, అక్కడ మామూలుగా ఉండేదే 128 దగ్గర ఏఏసీ, 160 దగ్గర ఓపస్.

ఇప్పుడు క్యాసెట్లు. మీ పనంతా ఇక్కడే, తొందరా ఇక్కడే. ఎంపీ3 ఎన్నేళ్లున్నా అలాగే ఉంటుంది, టేపు ఉండదు. ముందు ప్రతి క్యాసెట్ వెనుక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి, పొరపాటున రికార్డ్ బటన్ పడకుండా. లోపల టేపును హెడ్‌కు (ప్లేయర్‌లో టేపును చదివే భాగానికి) ఆనించే చిన్న స్పాంజి దిండు ఊడిపోయిందేమో చూడండి. అది లేకపోతే శబ్దం మూసుకుపోయి వస్తుంది, వేరే క్యాసెట్ డబ్బాలోకి టేపు మార్చుకోవాలి. ఏళ్ల తరబడి కదలని టేపును ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ పూర్తిగా తిప్పాకే పాడించండి. డెక్ (క్యాసెట్ ప్లేయర్) హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో తుడవండి, నాలుగైదు క్యాసెట్లకోసారి.

కనెక్షన్ దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. ల్యాప్‌టాప్‌కున్న ఒంటి జాక్‌లోకి వెళ్లేది మైకు సంకేతం, అదీ మోనో. డెక్ లైన్ అవుట్ దానికి ఎన్నో రెట్లు గట్టిది, గుచ్చగానే బొంగురుపోతుంది. డెస్క్‌టాప్ వెనుక నీలం రంగు లైన్ ఇన్ ఉంటే అందులో పెట్టండి. లేకపోతే స్టీరియో లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ ఆడియో పెట్టె కొనండి. చవక యూఎస్‌బీ పుల్లల్లో చాలావాటికి ఉండేది మైకు ఇన్‌పుటే, కొనేముందు లైన్ ఇన్ అన్న మాట చూసుకోండి. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో ఆ ఇన్‌పుట్‌కు ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆఫ్ చేయండి. ఇది మర్చిపోతే హరికథ పాడైనట్టే. నాయిస్ సప్రెషన్ అనేది ఆగకుండా మోగే హార్మోనియం శ్రుతిని ఫ్యాను చప్పుడనుకుని మింగేస్తుంది.

ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ ప్రోగ్రాంలో 44,100, స్టీరియో పెట్టండి. కథలో అన్నిటికంటే గట్టి భాగం, చిడతలు మోగుతూ గొంతు పైకెత్తిన చోటు, పాడించి మీటరులో శిఖరం మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఉండేలా లెవెల్ సర్దండి. సున్నా తాకితే అలల తల తెగుతుంది, దాన్ని ఏ ప్రోగ్రామూ తిరిగి అతికించలేదు. కాస్త తక్కువైనా ఫరవాలేదు, 24 బిట్లలో తీస్తే తరువాత పెంచుకోవచ్చు. ఒక వైపు మొత్తం ఒకే ఫైలుగా తీయండి, పద్యాలు విడదీయడం తరువాతి పని. అయ్యాక ఎక్స్‌పోర్ట్ చేసి ఫ్లాక్, 24 బిట్ ఎంచుకోండి. సేవ్ ప్రాజెక్ట్ చేస్తే వచ్చే ఏయూపీ3 ఆడాసిటీ సొంత ఫైలు, ఏ ప్లేయరూ పాడదు. 2021కి ముందు వెర్షన్లయితే ఏయూపీ ఫైలు పక్కన డేటా ఫోల్డర్ ఒకటుండేది. ఏయూపీ ఒక్కటే కాపీ చేసుకుని అసలు శబ్దం పోగొట్టుకున్నవాళ్లు లెక్కలేదు.

జాగా గురించి భయపడకండి. 60 నిమిషాల క్యాసెట్ 24 బిట్లలో కుదించకుండానే 950 ఎంబీ చిల్లర. ముప్పై కలిపినా 29 జీబీ లోపే. ఫ్లాక్‌లో ఇంకా తగ్గుతుంది. బుస ఎక్కువున్న టేపు మాత్రం ఆశించినంత తగ్గదు, ఎందుకంటే బుసకు పద్ధతంటూ లేదు, మడత పడదు.

బుస తీసేయాలన్న ఉత్సాహాన్ని అసలు ఫైలు మీద చూపకండి. కాపీ మీద చేయండి. ఆడాసిటీ నాయిస్ రిడక్షన్‌లో మాట లేని రెండు సెకన్లు చూపించి నమూనా తీసుకుని, 6 నుంచి 9 డెసిబెల్స్ తగ్గించి ఆపండి. ఇరవై దాటిస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు బుడగలు వేస్తుంది. బంధువులకు పంపడానికి అదే కాపీని మోనోలో 64 కేబీపీఎస్ ఎంపీ3 చేస్తే గంట కథ 29 ఎంబీ. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, ఫైలు మారకుండా చేరుతుంది. ఒక హెచ్చరిక: మోనో చేయగానే శబ్దం మందంగా మారితే డెక్ హెడ్ వంపు సరిగా లేదన్నమాట. హెడ్ పక్కనున్న చిన్న మరను, క్యాసెట్ పాడుతుండగా, పై స్థాయిలు స్పష్టంగా వినపడేదాకా కొద్దికొద్దిగా తిప్పి మళ్లీ రికార్డు చేయాలి. ఫిల్టర్లతో నెగ్గే సమస్య కాదది.

ఆడియో సీడీని కంప్యూటర్‌లో తెరిస్తే సీడీఏ ఫైళ్లు కనిపిస్తాయి. ఒక్కోటి 44 బైట్లే. అవి పాటలు కావు, పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే చీటీలు. వాటిని కాపీ చేసి సీడీ పారేస్తే మిగిలేది చీటీలే. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాంతో సెక్యూర్ మోడ్‌లో ఫ్లాక్‌గా తీయండి. గీతలు పడ్డచోట మళ్లీ మళ్లీ చదువుతుంది, అక్యురేట్‌రిప్ అనే ఆన్‌లైన్ జాబితా ద్వారా ఇతరులు తీసిన కాపీలతో సరిపోల్చి చెబుతుంది. ఎంపీ3 సీడీలకు ఈ తతంగం లేదు, అవి మామూలు ఫైళ్లు, లాగి పడేయడమే. వాటిలో మొదలూ చివరా కత్తిరించాలంటే ఎంపీ3డైరెక్ట్‌కట్ వాడండి. 26 మిల్లీసెకన్ల ముక్కల సరిహద్దుల దగ్గర కోస్తుంది, తిరిగి కుదించదు. ఆడాసిటీలో తెరిచి మళ్లీ ఎంపీ3గా సేవ్ చేస్తే ఇంకో జెరాక్స్ తీసినట్టే.

అమ్మమ్మ వాయిస్ మెసేజీలు ఓపస్‌లో ఉంటాయి. ఆండ్రాయిడ్ ఫోనులో వాట్సాప్ మీడియా ఫోల్డర్ కింద వాయిస్ నోట్స్ అని ఉంటుంది, అక్కడ తేదీ పేరులోనే ఉన్న ఫైళ్లు దొరుకుతాయి. ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి, పేర్లు మార్చకండి, ఎప్పటి మాటో ఆ తేదీయే చెబుతుంది. వీఎల్‌సీ వాటిని పాడుతుంది. ఏఎంఆర్ ఫోను గొంతు కోసం చేసింది. సెకనుకు 8,000 కొలతలే, గరిష్ఠంగా 12.2 కేబీపీఎస్. ఆ డొల్ల శబ్దం అసలులోనే ఉంది, ఏ ఫార్మాట్ మార్పిడీ దాన్ని పూడ్చలేదు. కొత్త ఫోన్లు ఏఎంఆర్ పాడకపోతే వినడానికి ఎంపీ3 కాపీ ఒకటి చేసుకోండి, అసలును చెరపకండి.

తెలుగు పేర్లు. ఫ్లాక్ ట్యాగులు ఎప్పుడూ యూటీఎఫ్-8లోనే (అన్ని లిపులనూ రాయగల పద్ధతిలో) ఉంటాయి, తెలుగు హాయిగా రాసుకోవచ్చు. ఎంపీ3లో పాత ట్యాగు ఐడీ3 వెర్షన్ 1 ఫైలు చివర 128 బైట్లే, ఒక్కో గడికి 30. తెలుగులో ఒక్కో గుర్తుకూ మూడు బైట్లు పడతాయి, అంటే పది గుర్తులకే గడి నిండుతుంది. వత్తులూ గుణింతాలూ కూడా విడివిడి గుర్తులే కనుక "రుక్మిణీకల్యాణం" కూడా పట్టదు. పైగా ఏ లిపో చెప్పే చోటే అందులో లేదు, అందుకే పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఎంపీ3ట్యాగ్ ప్రోగ్రాం ఆప్షన్లలో, ట్యాగ్స్ కింద ఎంపెగ్‌లో, ఐడీ3వీ2.3 యూటీఎఫ్-16 ఎంచుకుని వెర్షన్ 1 రాయడం ఆపేయండి.

అయినా కారులో తెలుగు డబ్బాలుగానే కనిపించొచ్చు, స్టీరియోలో ఫాంటు లేకపోతే ఏ ట్యాగూ ఏమీ చేయలేదు. కారు పెన్‌డ్రైవ్ కోసం ఇంగ్లిష్ అక్షరాల పేర్లతో విడిగా ఎంపీ3 కాపీలు చేసుకోవడం సుఖం. డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో (ఫైళ్లు సర్దే పద్ధతిలో) ఉండాలి. ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్ చాలా స్టీరియోలకు పడవు. 32 జీబీ దాటిన డ్రైవ్‌కు విండోస్ ఫ్యాట్32 చూపకపోతే రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాంతో చేయొచ్చు. పాటలు వరుస తప్పి వస్తుంటే కారణం, కొన్ని స్టీరియోలు పేర్ల వరుస చూడవు, కాపీ అయిన వరుసలోనే పాడతాయి. 01, 02 అంకెలు పెట్టి, డ్రైవ్ ఖాళీ చేసి, ఒక్కో ఫైలునూ వరుసగా కాపీ చేయండి. మ్యాక్ నుంచి కాపీ చేసిన డ్రైవ్ అయితే చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే 4 కేబీ ఫైళ్లు దాగి ఉంటాయి. పేరు చివర ఎంపీ3 అనే ఉంటుంది, లోపల పాట ఉండదు. విండోస్‌లో హిడెన్ ఐటమ్స్ ఆన్ చేసి పెన్‌డ్రైవ్‌లో అలాంటివన్నీ తుడిచేయండి. ఆ తరువాత కూడా ఏదైనా ఫైలు పాడకపోతే, మీడియాఇన్ఫోలో దాని కోడెక్, శాంప్లింగ్ రేటు, లోపల అతికించిన బొమ్మ సైజు చూసి ఇక్కడ రాయండి. రెండు మూడు ఎంబీల అట్టబొమ్మ ఉన్నా కొన్ని స్టీరియోలు బిగుసుకుపోతాయి.